గరికలో మునిగిన బంతి: ఛాంపియన్‌షిప్ కోర్సు రఫ్ నుంచి బయటపడే లెక్క

ప్రశ్న కావలి నుంచి. అడిగిన తమ్ముడు వారాంతాల్లో చెన్నై వెళ్లి ఆడతాడు, హ్యాండిక్యాప్ 16 (మంచి రోజున పార్, అంటే కోర్సుకి నిర్ణయించిన షాట్ల లెక్క, కంటే పదహారు ఎక్కువ కొట్టే స్థాయి). వచ్చే నెల ఒక ఛాంపియన్‌షిప్ కోర్సులో రెండు రోజుల స్ట్రోక్‌ప్లే (మొత్తం షాట్లు లెక్కేసే) పోటీ ఉంది. అక్కడ ఫెయిర్‌వే (మధ్యలో పొట్టిగా కోసిన దారి) దాటితే నాలుగంగుళాల గడ్డి, దాన్నే రఫ్ అంటారు. "అన్నా, ప్రాక్టీస్ రౌండ్‌లో 104 వచ్చింది. పదకొండుసార్లు రఫ్‌లో పడింది. కొన్నిసార్లు ఎంత బలంగా కొట్టినా పది గజాలు కూడా కదల్లేదు. కొన్నిసార్లు ఎడమకి తిరిగిపోయింది. రెండుసార్లు మాత్రం గ్రీన్ (రంధ్రం చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీదుగా దాటి వెనక పడింది. ఏ క్లబ్ తీయాలి, ఎట్టా కొట్టాలి?" అని అడిగాడు.

తమ్ముడూ, నువ్వు చెప్పినవి మూడు వేర్వేరు జబ్బులు. కదలకపోవడం ఒకటి, ఎడమకి తిరగడం ఒకటి, దాటిపోవడం ఒకటి. మూడింటికీ కారణాలు వేరు. బలం మాత్రం మూడింటిలో దేనికీ మందు కాదు.

క్లబ్ సంగతికి ముందు ఒక లెక్క చూడు. కొలంబియా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ పీజీఏ టూర్ (అమెరికా ప్రొఫెషనల్ పోటీలు) ఆటగాళ్ల షాట్లన్నీ పోగేసి సగటులు కట్టాడు. జెండాకి 100 గజాల దూరంలో, ఫెయిర్‌వే మీద ఉన్న బంతిని ముగించడానికి వాళ్లకి సగటున 2.80 షాట్లు పడతాయి. అదే దూరం రఫ్‌లో అయితే 3.02. చెట్ల వెనకో పొదలోనో ఇరుక్కుని, ముందు పక్కకి తీసుకోక తప్పని చోట అయితే 3.80. ఇంకో అంకె గుర్తుపెట్టుకో: 160 గజాల నుంచి ఫెయిర్‌వే మీద 2.98. అంటే ఫెయిర్‌వే మీద 160 గజాల్లో ఉన్నా, రఫ్‌లో 100 గజాల్లో ఉన్నా వాళ్లకి దాదాపు ఒకటే.

ఇప్పుడు నీ కార్డు చూద్దాం. పార్ 72 అనుకుంటే నీ హ్యాండిక్యాప్‌కి మంచి రోజున 88, మామూలు రోజున 92 రావాలి. 104 వచ్చింది, పన్నెండు ఎక్కువ. దట్టమైన రఫ్ కాబట్టి పడ్డ ప్రతిసారీ అర షాట్ పోయిందనుకుందాం. పదకొండుసార్లకి ఐదున్నర. మిగిలిన ఆరున్నర రఫ్ తిన్నవి కావు. మునిగిన బంతిని గ్రీన్ మీదికే పంపాలని కొట్టిన షాట్లు తిన్నవి. ఈ నెల రోజుల్లో నీ స్వింగ్ మారకపోయినా ఆ ఆరున్నరలో నాలుగైదు వెనక్కి తెచ్చుకోవచ్చు. అందుకే ముందు గడ్డిని చదవడం గురించి ఎక్కువ చెప్తాను.

దక్షిణాది కోర్సుల్లో జాస్తిగా కనిపించేది బెర్ముడా గడ్డి. అది మన గరికే. కోర్సుల్లో వేసేవి దాని మెరుగుపరిచిన రకాలు. వినాయక చవితికి కోసే గరిక పోచ మెత్తగా ఉంటుంది కానీ పొలం గట్టు మీద దాన్ని పీకినవాళ్లకి దాని మొండితనం తెలుసు. కణుపు కణుపుకీ వేరు వేసుకుంటూ నేల మీద తీగలాగా పాకుతుంది, పలుగు పెట్టందే రాదు. గోల్ఫ్ బంతి విషయంలో ఈ గుణమే దెబ్బకొడుతుంది. చల్లటి దేశాల గడ్డి పోచలు నిలువుగా, మెత్తగా ఉంటాయి, చాలాసార్లు బంతిని సగంలో నిలబెడతాయి. గరిక నిలబెట్టదు. బంతి తీగల మధ్య సందు చూసుకుని నేల దాకా జారిపోతుంది. పైన పోచలు మళ్లీ మూసుకుంటాయి. కాబట్టి మన దగ్గర రెండంగుళాల రఫ్‌ని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. నాలుగంగుళాలంటే నాలుగు వేళ్లు పక్కపక్కన పెట్టినదాని కంటే ఎక్కువ, బంతి మొత్తం లోపలికి పోయాక పైన ఇంకా రెండంగుళాలకి పైగా గడ్డి ఉంటుంది.

బంతి దగ్గరికి వెళ్లగానే క్లబ్ తీయొద్దు. బ్యాగు పక్కన పెట్టి, బంతి మీదుగా నిలువుగా కిందికి చూడు. ఎంత తెలుపు కనబడుతుందో అదే నీకు క్లబ్ చెబుతుంది.

రూపాయి బిళ్లంత తెలుపే కనబడితే బంతి అడుగున కూర్చున్నట్టే. ఇక్కడ 56 డిగ్రీల సాండ్ వెడ్జ్ లేదా పిచింగ్ వెడ్జ్ (ముఖం బాగా వాలి, బంతిని ఎత్తుగా లేపే క్లబ్బులు), అంతే. గ్రీన్ గురించి ఆలోచనే వద్దు, ఫెయిర్‌వేకి దగ్గరి దారి వెతుకు. బంతి పైసగం కనబడుతూ, వెనక వైపు పోచలు బంతిని ఆనుకుని ఉంటే 9 ఐరన్, 8 ఐరన్ దాకా తీయొచ్చు (అంకె తగ్గేకొద్దీ ముఖం నిటారు, దూరం ఎక్కువ). ప్రమాదం ఇక్కడే దాక్కుని ఉంటుంది, దాని సంగతి కింద చెప్తాను. బంతి మీద కంపెనీ పేరు పూర్తిగా చదవగలిగేంత పైకి కూర్చుని ఉంటే హైబ్రిడ్ (ఐరన్‌కీ వుడ్‌కీ మధ్యరకం క్లబ్) పనిచేస్తుంది. 3, 4 ఐరన్లు మాత్రం ఏ రకం రఫ్‌లోనూ బ్యాగులోంచి బయటికి రానీయొద్దు. వాటి ముఖం నిటారుగా ఉంటుంది, అంచు పల్చగా ఉంటుంది. గడ్డి కోసుకుంటూ పోయేసరికి వేగం చచ్చిపోతుంది, బంతిని లేపేంత వాలు వాటికి లేదు.

తర్వాత చూడాల్సింది పోచలు ఏ వైపు వాలాయో. కోత యంత్రం వెళ్లిన దిక్కునే గడ్డి వాలుతుంది. నువ్వు కొట్టే వైపుకే వాలి ఉంటే క్లబ్ జారుకుంటూ వెళ్తుంది. నీ మీదికి వాలి ఉంటే అదే గడ్డి రెట్టింపు పట్టు పడుతుంది. ఎదురు వాలు ఉన్నప్పుడు పై లెక్కలో ఒక మెట్టు కిందికి దిగు: 9 ఐరన్ అనుకున్న చోట వెడ్జ్ తీయి. బంతికి రెండు మూడు అడుగుల దూరంలో, అదే రకం గడ్డిలో ఒకటి రెండు ప్రాక్టీస్ స్వింగులు వేసి చూడు. గడ్డి ఎంత లాగుతుందో మణికట్టుకి తెలుస్తుంది. బంతి పక్కనే ఊపి, దాని వెనకున్న పోచలు విరగ్గొట్టావో, పరిస్థితి మెరుగుపరిచినట్టు లెక్కేసి రెండు షాట్ల శిక్ష వేస్తారు. బంతి వెనక పాదంతో తొక్కినా, క్లబ్ అడుగుతో నొక్కి చదును చేసినా ఇదే శిక్ష.

ఇక ఎడమకి తిరగడం ఎందుకో చూద్దాం. కొట్టిన తర్వాత నీ క్లబ్ మెడ చూడు, షాఫ్ట్ వచ్చి తలలో కలిసే చోట. పచ్చటి పోచలు దారంలాగా చుట్టుకుని ఉంటాయి. క్లబ్ కిందికి వచ్చేటప్పుడు గడ్డి ముందు ఆ మెడనే పట్టుకుంటుంది. మెడ ఆగుతుంది, కొన మాత్రం ముందుకే పోతుంది. ఫలితంగా ముఖం మూసుకుంటుంది. కుడిచేత్తో ఆడేవాళ్లకి బంతి ఎడమకి, కిందుగా పోతుంది. పైగా ముఖం మూసుకోవడంతో వాలు కూడా తగ్గింది కాబట్టి ఎదురుగా ఉన్న గడ్డిలోనే మళ్లీ దూరుతుంది. నువ్వు చెప్పిన "పది గజాలు కూడా కదల్లేదు" అన్న షాట్లలో సగం ఇవే అయ్యుంటాయి.

దీనికి చేయాల్సింది ఇది. ముందు క్లబ్ ముఖాన్ని కొంచెం కుడికి తెరువు, గడియారంలో పన్నెండు మీద ఉన్న ముల్లుని ఒంటిగంట వైపు సగం జరిపినంత. తెరిచాకే క్లబ్‌ని పట్టుకో. పట్టుకున్నాక మణికట్టు తిప్పి తెరిస్తే కొట్టేటప్పుడు చేతులు దాన్ని మళ్లీ యథాస్థానానికి తెచ్చేస్తాయి. ఎడమ చేతి చివరి మూడు వేళ్ల బిగింపు పెంచు. మామూలుగా పదికి నాలుగు బిగిస్తే ఇక్కడ ఆరు, ఏడు. ముంజేయి మాత్రం కర్రలాగా బిగుసుకోకూడదు, మణికట్టు మడవాలి కదా. గురి ఐదు గజాలు కుడికి పెట్టు.

నిలబడే తీరు: బంతిని రెండు పాదాల మధ్య నుంచి ఒక బంతి వెడల్పు కుడి పాదం వైపు జరుపు. అంతకంటే జాస్తి వద్దు, మరీ వెనక్కి జరిపితే వెడ్జ్ కూడా 8 ఐరన్‌లాగా నిటారైపోతుంది, అంచు నేలలో దిగబడుతుంది. బరువులో అరవై శాతం ఎడమ కాలి మీద. క్లబ్‌ని నేలకి ఆనించొద్దు, గడ్డి కొనల మీద గాల్లోనే పట్టుకో. దీనికి రెండు కారణాలు. ఆనించినప్పుడు పోచలు కదిలి బంతి కదిలితే, నువ్వే కదిలించినట్టు తేలితే ఒక షాట్ శిక్ష, బంతిని మళ్లీ అక్కడే పెట్టాలి. రెండోది, ఆనించిన క్లబ్‌ని వెనక్కి తీసేటప్పుడే గడ్డి పట్టుకుంటుంది, స్వింగ్ మొదట్లోనే దారి తప్పుతుంది.

స్వింగ్ విషయానికొస్తే, మణికట్టు త్వరగా మడిచి క్లబ్‌ని నిటారుగా పైకెత్తు. కిందికి కూడా నిటారుగానే రావాలి. కొడవలితో గడ్డి కోసినట్టు అడ్డంగా వస్తే అడుగున్నర దూరం గడ్డి కోశాక గానీ బంతి అందదు. నిటారుగా వస్తే బంతికీ క్లబ్‌కీ మధ్య నాలుగైదు అంగుళాల గడ్డే ఉంటుంది. కొట్టాక క్లబ్ ముందుకు పూర్తిగా వెళ్లకపోయినా ఫర్వాలేదు, గడ్డి ఆపేస్తుంది. ముక్కాలు స్వింగ్ చాలు. తల బంతి మీద నుంచి లేవకూడదు. ఇట్టా కొట్టినప్పుడు మామూలుగా 120 గజాలు పోయే 9 ఐరన్ మునిగిన బంతిని రమారమి 80, 90 గజాలు పంపుతుంది. దాన్నే నమ్ముకుని లెక్క వేసుకో.

గ్రీన్ దాటిపోయిన రెండు షాట్లు పైన చెప్పిన మధ్యరకం బంతివి. దీన్ని ఫ్లయర్ అంటారు. పోచలు క్లబ్ ముఖానికీ బంతికీ మధ్య నలుగుతాయి. వాటి తడి ముఖం మీది గాళ్లలో నిండుతుంది, పట్టు పోతుంది. వెనక్కి తిరిగే సుడి తగ్గుతుంది, బంతి కొంచెం ఎత్తుగా లేస్తుంది, పడ్డాక ఆగకుండా పరిగెడుతుంది. అందుకే ఫెయిర్‌వే మీద నుంచి 140 గజాలు పోయే 7 ఐరన్ ఒక్కోసారి పది పదిహేను గజాలు ఎక్కువ పోతుంది. గడ్డి నీ షాట్ వైపే వాలి ఉండి, పల్చగా ఉండి, బంతి సగం పైకి కనబడుతున్నప్పుడు ఇది జరిగే అవకాశం ఎక్కువ. అప్పుడు ఒక క్లబ్ తగ్గించు (7 ఐరన్ బదులు 8), గ్రీన్ ముందు పడి దొర్లేలా లెక్క వేసుకో. గ్రీన్ ముందు బంకరో (ఇసుక గుంట) నీళ్లో ఉండి దొర్లించే దారి లేకపోతే గ్రీన్ మధ్యకి కొట్టు, జెండా వైపు చూడొద్దు. ఫ్లయర్ వస్తుందో రాదో ఖాయంగా ఎవరూ చెప్పలేరు, టూర్ ఆటగాళ్లు కూడా. కాబట్టి రెండు రకాల ఫలితానికీ చోటున్న గురి ఎంచుకోవాలి.

దట్టమైన రఫ్‌లో గ్రీన్ చుట్టూ కొట్టే చిన్న షాట్ మీద నాకు మిగతా అన్నిటికంటే ఎక్కువ పట్టింపు. నీ స్థాయిలో అత్యధిక షాట్లు పోయేది ఇక్కడే. జెండా పదిహేను అడుగుల దూరంలో ఉంటుంది. భయంతో క్లబ్‌ని సగంలో నెమ్మదింపజేస్తావు. గడ్డి దాన్ని పూర్తిగా ఆపేస్తుంది, బంతి రెండడుగులు దొర్లి మళ్లీ అక్కడే. దీన్ని బంకర్ షాట్‌లాగా ఆడాలి. 56 లేదా 58 డిగ్రీల వెడ్జ్, అడుగు భాగం వెడల్పుగా, బౌన్స్ (అడుగు భాగం ముందంచు కంటే కిందికి ఉబ్బిన కోణం) 10 నుంచి 14 డిగ్రీలు ఉన్నది తీసుకో. బౌన్స్ తక్కువైతే అంచు దిగబడుతుంది. ముఖం తెరువు, పాదాలు భుజాల కంటే కొంచెం ఎడంగా, బంతి మధ్యకి కాస్త ఎడమగా. బంతికి ఒక అంగుళం వెనక గడ్డిలోకి క్లబ్ దిగాలి. స్వింగ్ పొడవు నువ్వు అనుకున్నదానికి రెట్టింపు ఉండాలి, వేగం చివరిదాకా తగ్గకూడదు. బంతి గడ్డితో పాటు లేచి, మెత్తగా పడి, సుడి లేదు కాబట్టి పది పన్నెండు అడుగులు దొర్లుతుంది. ఆ దొర్లుడికి చోటు వదులు.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. బంతి గడ్డి కొనల మీద కూర్చుని, కింద రెండంగుళాల ఖాళీ ఉంటే ఈ షాట్ ఆడొద్దు. క్లబ్ బంతి కింద నుంచి దూరిపోతుంది, బంతి లేచి అక్కడే పడుతుంది. అప్పుడు గ్రిప్ రెండంగుళాలు కిందికి పట్టుకుని, క్లబ్‌ని బంతి ఎత్తులోనే గాల్లో ఉంచి, పిచింగ్ వెడ్జ్‌తో పటర్ (గ్రీన్ మీద బంతిని దొర్లించే క్లబ్) కొట్టినట్టు అడ్డంగా ఊపాలి. ఈ షాట్లలో క్లబ్ ఒకే ఊపులో బంతికి రెండుసార్లు తగిలిందని కంగారుపడకు. 2019 నుంచి దానికి శిక్ష లేదు, ఒక షాటే లెక్క.

బయటికి తీసే దారి ఎంచుకునేటప్పుడు ఒక పని మర్చిపోతుంటారు: బంతి ముందున్న మొదటి పది అడుగుల గడ్డి చూడడం. ఫెయిర్‌వే ముప్పై గజాల దూరంలో ఉన్నా, మొదటి పది అడుగుల్లో ఇంకా పొడవైన గడ్డి ఉంటే కిందుగా పోయే షాట్ బతకదు. అట్టాగే ఫెయిర్‌వే వెడల్పు ఎంతో కొలుచుకో. అడ్డంగా బలంగా కొట్టి అవతలి రఫ్‌లో పడేసుకునేవాళ్లని ప్రతి పోటీలో చూడొచ్చు. వీలైతే ఏటవాలుగా, జెండా వైపు కొంత జరుగుతూ, నీకు బాగా వచ్చిన దూరం మిగిలేలా తియ్యి. 80 గజాల షాట్ నీకు బాగా వస్తే 80 మిగలాలి, 45 కాదు.

1999 బ్రిటిష్ ఓపెన్ ఆఖరి రోజు స్కాట్లాండ్‌లోని కార్నూస్టీలో జరిగింది ఇక్కడ పనికొస్తుంది. ఫ్రాన్స్ ఆటగాడు జాన్ వాన్ డి వెల్డ్‌కి చివరి రంధ్రం దగ్గర మూడు షాట్ల ఆధిక్యం ఉంది, ఆరు షాట్లలో ముగించినా గెలుపే. రెండో షాట్ ప్రేక్షకుల గ్యాలరీకి తగిలి వెనక్కి వచ్చి దట్టమైన రఫ్‌లో పడింది. ముందు కాలువ ఉంది. దాన్ని దాటించాలని ఆ గడ్డిలోంచే కొట్టాడు, గడ్డి క్లబ్‌ని పట్టేసింది, బంతి కాలువలో పడింది. ఏడు షాట్లకి ముగించి ప్లేఆఫ్‌లో పాల్ లారీ చేతిలో ఓడిపోయాడు. ఆ గడ్డిలోంచి పక్కకి, వెనక్కి తీసే దారి ఎప్పుడూ ఉంటుంది. ఆ దారికి ఖర్చు ఒక షాట్ అని ముందే తెలుసు కాబట్టి అది భరించగల ఖర్చు.

దీనికి ఎదురు ఉదాహరణగా 2020 యూఎస్ ఓపెన్ చెబుతారు. వింగ్డ్ ఫుట్ కోర్సులో బ్రైసన్ డిషాంబో నాలుగు రోజుల్లో 56 ఫెయిర్‌వేల్లో 23 మాత్రమే పట్టి, 6 అండర్‌తో (పార్ కంటే ఆరు తక్కువ) గెలిచాడు. డ్రైవర్‌తో (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్) గ్రీన్ దగ్గరికి కొట్టి, రఫ్‌లోంచి వెడ్జ్ ఆడాడు. కానీ ఆ గడ్డిని చీల్చుకు వెళ్లే క్లబ్ వేగం అతనిది. నీకూ నాబోటి వాళ్లకీ ఆ దారి పనిచేయదు. అంత వేగం ఉన్నవాళ్లనే 2025 యూఎస్ ఓపెన్‌లో ఓక్‌మాంట్ కోర్సు ఐదంగుళాల రఫ్ ఎట్టా ఆపిందో చూడు: నాలుగు రౌండ్లు ముగిసేసరికి పార్ కంటే తక్కువలో మిగిలింది ఒక్కడే, 1 అండర్‌తో గెలిచిన జె.జె. స్పాన్.

కాబట్టి టీ (ప్రతి రంధ్రానికీ మొదటి షాట్ కొట్టే చోటు) దగ్గర: ఫెయిర్‌వే ఇరుకుగా ఉన్న చోట డ్రైవర్ బదులు 3 వుడ్, లేదా హైబ్రిడ్. పైన చెప్పిన 160, 100 లెక్క గుర్తుంచుకుంటే ఇరవై గజాలు పోయినా బాధ ఉండదు. రఫ్ రెండు వైపులా ఒకే రకంగా ఉండదు, ఏ వైపు పల్చగా ఉందో ప్రాక్టీస్ రౌండ్‌లో రాసి పెట్టుకో.

బంతి వెతకడం గురించి. 2019 నుంచి వెతికే సమయం ఐదు నిమిషాల నుంచి మూడు నిమిషాలకి తగ్గింది. బంతి దిగిన చోటికి వెనకున్న చెట్టునో స్తంభాన్నో గుర్తు పెట్టుకో, ఆ గీత మీదే నడువు. అనుమానం ఉంటే కదిలేముందే ప్రొవిజనల్ (మొదటిది దొరక్కపోతేనే లెక్కలోకి వచ్చే బంతి) అని నోటితో చెప్పి రెండో బంతి కొట్టు. వెతికేటప్పుడు పొరపాటున కాలు తగిలి బంతి కదిలితే శిక్ష లేదు, మొదట ఉన్న చోటే మళ్లీ పెట్టాలి. నీదో కాదో తేల్చుకోవడానికి ఎత్తొచ్చు, కానీ ముందు గుర్తు పెట్టి ఎత్తాలి, అవసరానికి మించి తుడవకూడదు. గుర్తు పెట్టకుండా ఎత్తితే ఒక షాట్. ప్రతి బంతి మీదా మార్కర్‌తో నీ గీత గీసుకుని ఉంచు. గరికలో కంపెనీ పేరు కింది వైపుకి తిరిగి ఉన్నప్పుడు ఆ గీతే దిక్కు.

బంతి ఆడలేని చోట ఉంటే ఒక షాట్ శిక్షతో మూడు దారులున్నాయి: ముందు కొట్టిన చోటికే వెనక్కి వెళ్లడం, జెండానీ బంతినీ కలిపే గీత మీద వెనక్కి వెళ్లి వేయడం, లేదా రెండు క్లబ్ పొడవుల లోపల, జెండాకి దగ్గర కాకుండా వేయడం. డ్రైవర్ 45 అంగుళాలనుకుంటే రెండు పొడవులంటే ఏడున్నర అడుగులు. చాలాసార్లు ఆ ఏడున్నర అడుగుల్లోనూ ఇదే గడ్డి ఉంటుంది, మోకాలి ఎత్తు నుంచి వదిలిన బంతి మళ్లీ అడుక్కే పోతుంది. శిక్ష కట్టేముందు అది చూసుకో. వెనక గీత మీద ఫెయిర్‌వే తగిలితే అదే మేలు.

పొద్దున్నే మంచు పడ్డ గడ్డి, ఈశాన్య రుతుపవనాల వాన తర్వాత పెరిగిన గడ్డి బరువుగా ఉంటాయి. మొదటి నాలుగైదు రంధ్రాలు తడిలో ఆడాల్సి వస్తే పైన చెప్పిన రూపాయి లెక్కని ఒక మెట్టు కఠినం చెయ్యి. ప్రతి షాట్‌కీ ముందు క్లబ్ ముఖాన్ని పొడి తువాలుతో తుడువు, గాళ్లలో ఇరుక్కున్న పచ్చ రసాన్ని టీ పుల్లతో గీకు.

కావలిలో ప్రాక్టీస్ ఎట్టా అంటావేమో. గరిక దొరకని ఊరు మన జిల్లాలో లేదు. ఇంటి వెనకో పొలం గట్టు పక్కనో పదడుగుల చదరం గడ్డిని కోయకుండా వదిలి, రోజు మార్చి రోజు నీళ్లు పెట్టు. మూడు నాలుగు అంగుళాలకి వచ్చాక పదిహేను గజాల దూరంలో పాత దుప్పటి పరిచి దాని మీద పడేలా వెడ్జ్ షాట్లు కొట్టు. పది బంతులు గడ్డి మీద వదిలెయ్యి, పది బంతులు చెప్పు కాలితో నొక్కి ముంచు, పది బంతులు పోచల కొనల మీద నిలబెట్టు. ముందు రాళ్లు, గాజు ముక్కలు ఏరెయ్యి. గొడ్లు మేసే చోట ఆడొద్దు, బంతి మేతలో కలిసిపోతే ప్రమాదం. పూర్తి స్వింగులు మాత్రం చెన్నై వెళ్లినప్పుడు కోర్సు వాళ్లని అడిగి వాళ్ల రఫ్‌లోనే కొట్టు. 9 ఐరన్, పిచింగ్ వెడ్జ్, సాండ్ వెడ్జ్ మూడూ మునిగిన బంతిని ఎన్ని గజాలు పంపుతున్నాయో అడుగులతో కొలిచి, కార్డు మీద రాసి బ్యాగులో పెట్టు. రోజుకి ముప్పై బంతులు దాటొద్దు. వేరు పట్టుకున్న గరికని బలంగా కొడితే ఎడమ మణికట్టు వాస్తుంది, అది తగ్గడానికి వారాలు పడుతుంది. పోటీకి మూడు రోజుల ముందు ఈ సాధన ఆపేసి పటింగ్ మాత్రం చేసుకో.